బూడిద మేడమ్ వేసిన నేల

మా మేడమ్ పోయారని సార్ ఫోన్ చేసినప్పుడు నేను అమ్మ పక్కన కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తున్నాను. శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున. బయట వాన పడుతోంది. సార్ అంటే మేడమ్ భర్త. ఎప్పుడు ఫోన్ చేసినా "ఏమ్మా, బాగున్నావా?" అని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు ఆ మాట అనలేదు. "అమ్మాయీ, మీ మేడమ్ ఇక లేదమ్మా. తెల్లవారుజామున..." అని ఆగిపోయారు. కాసేపటికి, "నీకు ముందు చెప్పమంది" అన్నారు.

నా వేళ్లకు రాళ్లు అతికించే జిగురు ఉంది. ఫోన్ చేతికి అంటుకుపోయింది. "ఎవ్వలే? ఏమైందే?" అని అమ్మ అడుగుతోంది. అంటుకున్న ఫోన్‌ను ఊడదీసుకుంటున్నాను. చివరికి "బూడిద మేడం..." అన్నాను. మా వాడలో అందరూ ఆమెను పిలిచే పేరు అది. నేను మాత్రం ఎన్నడూ అలా పిలవలేదు. ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. అమ్మ చేతిలో ఉన్న చీర వదిలేసింది. రాళ్లన్నీ నేల మీద చెదిరిపోయాయి.

మేడమ్ ఉండి ఉంటే ఇది రాయగానే ముందు ఆమెకే చూపించేదాన్ని. "నువ్వు తెలుగులో రాయమ్మా, తప్పులు నేను దిద్దుతాను" అనేవారు. ఇందులో తప్పులుంటే చదివేవాళ్లు పెద్ద మనసు చేసుకోవాలి. దిద్దే మనిషి లేరు.

మాది సూరత్‌లో ఉధ్నా. మా తాత కాలంలోనే సిరిసిల్ల వైపు నుంచి సాంచెల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. మరమగ్గాలను మా ఇళ్లలో సాంచెలంటారు. బాపు, అంటే నాన్న, ఆయన అన్న పెద్దబాపు ఒకే కార్ఖానాలో పాలిస్టర్ గుడ్డ నేస్తారు. అమ్మ ఇంట్లో కూర్చుని ఆ గుడ్డతో చేసిన చీరలకు రాళ్లు, లేసులు అంటిస్తుంది. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతున్నాను. మేడమ్ మాకు కాంక్రీటు చెప్పేవారు. ఆమెది గోదావరి వైపు, చెరుకు తోటల ఊరు. సార్ ఉద్యోగం వల్ల ఇక్కడికి వచ్చారు.

మొదటి రోజు క్లాసులో ఆమె అందరినీ ఒకే ప్రశ్న అడిగారు. మెత్తటి ముద్దలా పోసిన కాంక్రీటు రాయిలా ఎలా మారుతుంది? అందరం ఒక్క గొంతుతో "సూఖ్ జాతా హై" అన్నాం. ఎండిపోతుందని. ఆమె మమ్మల్ని ల్యాబు మూలనున్న నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లారు. అడుగున కాంక్రీటు దిమ్మలు వరసగా మునిగి ఉన్నాయి. పిడికిలి కంటే కాస్త పెద్దవి. "ఇవి నెల రోజులుగా నీళ్లలోనే ఉన్నాయి. ఎక్కడ ఎండాయి?" అని హిందీలో అడిగారు. అప్పటికే హాజరు పిలిచేటప్పుడు నా ఇంటిపేరు పట్టేశారు కాబోలు, నా వైపు తిరిగి తెలుగులో నెమ్మదిగా అన్నారు:

"కాంక్రీటు ఎండదమ్మా, పండుతుంది."

నేను పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే. ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివినా, తెలుగు నాకు అన్నం పెట్టమని అడగడానికి, నానమ్మతో, అదే మా అవ్వతో, పోట్లాడటానికి పనికొచ్చే భాష. ఇంత పెద్ద సంగతి అంత చిన్న మాటలో పడుతుందని నాకు తెలియదు. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ ఆ మాటను లోపలే అనుకుంటూ వచ్చాను. తడి ఉన్నంత కాలం పండుతూనే ఉంటుందట. తొందరపడి ఎండబెడితే అక్కడితో ఆగిపోతుందట. మాటల మీద నాకు పుట్టిన ఇష్టానికి అదే మొదలు.

మేడమ్ పనంతా బూడిదతో. సిమెంటు తయారు చేయడానికి సున్నపురాయిని ఎంతో వేడి మీద కాల్చాలి. దానికి బోలెడంత బొగ్గు, బోలెడంత పొగ. అందుకని సిమెంటులో కొంత తగ్గించి, ఆ చోట ఎవరికీ అక్కర్లేని బూడిదను వాడవచ్చునా అన్నది ఆమె పట్టుకున్న పని. బొగ్గు బూడిద ఇప్పటికే చాలా సిమెంటు బస్తాల్లో కలిసి వస్తోంది. ఆమెకు కావలసింది చెరుకు పిప్పి బూడిద. బార్డోలీ వైపు చక్కెర మిల్లుల్లో రసం తీశాక మిగిలిన పిప్పిని బాయిలర్లో కాలుస్తారు. ఆ బూడిద మిల్లు వెనక గుట్టలుగా పడి ఉంటుంది. "మా ఊళ్లో బెల్లం పొయ్యి కింద కూడా ఇదేనమ్మా. చిన్నప్పుడు దాంతో పళ్లు తోముకున్నాం. దీని విలువ ఇప్పుడు తెలిసింది" అనేవారు.

ఒకసారి నన్నూ ఇంకో ఇద్దరినీ బార్డోలీ తీసుకెళ్లారు. తిరుగు బస్సులో మా కాళ్ల దగ్గర రెండు బస్తాలు. కండక్టరు కాలితో మెల్లగా తట్టి "ఆ షూ ఛే, బేన్?" అన్నాడు. ఏమిటివి అక్కా అని. మేడమ్ నిజం చెప్పారు. "రాఖ్." బూడిద అనగానే అతను గబుక్కున కాలు వెనక్కి తీసుకుని, టోపీ తీసి, బస్తాలకు దండం పెట్టాడు. తర్వాత బస్తాల సైజు చూసి అనుమానంగా "ఆట్లీ బధీ?" అని అడిగాడు. ఇంతా? అని. మేడమ్ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఉధ్నా దాకా నవ్వారు. ముందు సీటు వాళ్లు లేచి వెనక్కి వెళ్లిపోయారు. "పోన్లే, మనకు కాళ్లు చాపుకోవడానికి చోటు దొరికింది" అన్నారు.

ఆమె అలవాట్లు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఎప్పుడూ నూలు చీరే. కొంగు నడుముకు దోపి, కాళ్లకు మగవాళ్ల బూట్లు. ల్యాబులోకి రాగానే మా మొహాలకు గుడ్డ కట్టుకున్నామా లేదా అని చూసేవారు. దుమ్ము పీల్చిన వాళ్లకు ఆ రోజు హాజరు లేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచేముందు నన్ను "ఏం కూర?" అని అడగకుండా ఉండేవారు కాదు. కొత్తగా జల్లించిన బూడిదను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూసేవారు. కాటుకలా జారితే పనికొస్తుంది, ఇసుకలా గరగరలాడితే మళ్లీ నూరాలి. తొట్టిలోంచి దిమ్మ తీసినప్పుడు వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించి వినేవారు. పగలగొట్టే మిషను చెప్పేది ఎలాగూ చెబుతుంది, ముందు దిమ్మ చెప్పుకునేది విందాం అనేవారు.

బూడిద సిమెంటుతో కలిసి ఏం చేస్తుందో నాకు పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. ఆమె ఒక్క మాటతో చెప్పారు. "సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడుతూ కొంత సున్నం విడిచిపెడుతుంది. అది ఊరికే పడి ఉంటుంది. బూడిద మెల్లగా వెళ్లి ఆ సున్నాన్ని ఏరుకుని దాన్నీ గట్టిదనంగా మారుస్తుంది. పరిగె ఏరుకున్నట్టు."

పరిగె అంటే ఏమిటని అడిగాను. "మీ ఇంట్లో పెద్దవాళ్లను అడుగు" అన్నారు. ఇంటికొచ్చి అవ్వను అడిగితే అవ్వ కళ్లు పెద్దవి చేసి చూసింది. "ఆ మాట నీకెవ్వలు చెప్పిన్రే? పంట కోసినంక చేన్ల రాలిన గింజలు ఏరుకుంటరు, గదే పరిగె. మా చిన్నప్పుడు గట్లనే బతికినం బిడ్డా." ఆ రోజు నుంచి అవ్వ మేడమ్‌ను చూడకుండానే ఆమె పక్షం చేరిపోయింది.

ల్యాబులో బూడిద దిమ్మలను మొదటిసారి పగలగొట్టినప్పుడు వారం వయసువి వట్టి సిమెంటు దిమ్మల కన్నా ముందే పగిలిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. మేడమ్ నింపాదిగా ముక్కలు ఊడ్చారు. "వారం దిమ్మను చూసి బూడిదను తిట్టకు. నెల దిమ్మను చూసి పొగడకు. మూడు నెలలు నీళ్లు పెట్టి, అప్పుడు అడుగు" అన్నారు. ఆ సాయంత్రం మమ్మల్ని డుమస్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి టమాటా బజ్జీలు తినిపించారు. ఓడిపోయిన రోజున బజ్జీలు తినాలన్నది కూడా ఆమె నియమమే.

ఇక నేల సంగతి. మా అద్దె గదుల మధ్య ఒక వాకిలి ఉంది. అన్ని ఇళ్లకూ అదే. వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. బతుకమ్మ పండగకు మా ఆడవాళ్లు ఆ బురదలో తిరగలేక రోడ్డు మీదికి వెళ్లి, ఆటోల హారన్ల మధ్య ఆడుకునేవాళ్లు. ఇంటి మాలిక్ నేల వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. నేను మేడమ్‌ను అడిగాను. ఆమె వచ్చి వాకిలంతా కలియదిరిగి, "ఇంటి కప్పుకు నేనింకా దీన్ని నమ్మనమ్మా. నేలకు నమ్ముతాను. నేల వేసి చూద్దాం" అన్నారు. ఆమెకు అది మూడేళ్ల పని ల్యాబు దాటి బయటికి రావడం. మాకు బతుకమ్మ ఆడుకునే చోటు. ఆమె కోరుకున్నది ఒక్కటే. వచ్చే బతుకమ్మకు ఈ నేల మీద తను కూడా ఒక చుట్టు తిరగాలి. "గోదావరోళ్లకు బతుకమ్మ రాదుగా, నేర్పించండి" అని అమ్మను అడిగారు.

పెద్దబాపు అడ్డం తిరిగాడు. "బూడిద మీద బతుకమ్మ ఆడుతరా? ఏం సదువే నీది! బూడిదల పోసిన పన్నీరంటరు, గిప్పుడు బూడిదలనే సిమెంటు పోస్తరట" అని నా మీద విరుచుకుపడ్డాడు. అప్పుడే మేడమ్ చాయ్ తాగుతూ మా గడపలో కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యగారూ, మీరు పొద్దున్నే నుదుటికి పెట్టుకున్నదేంటండీ?" అన్నారు.

"గది విభూతి మేడం. గిది కార్ఖానా రాఖ్."

"దేవుడి దగ్గర కాలితే విభూతి, బాయిలర్లో కాలితే రాఖా? రెండూ కాల్చింది నిప్పేగా."

పెద్దబాపు ఏదో అనబోయాడు. లోపలి నుంచి అవ్వ అందుకుంది. "అరేయ్, నువ్వు తిన్న గిన్నెలన్ని నేను బూడిదతోనే తోమి పెద్ద చేసిన. అప్పుడు లేని అంటు గిప్పుడొచ్చిందా?" వాకిట్లో ఉన్న వాళ్లంతా నవ్వారు. పెద్దబాపు "చెయ్యుర్రి, ఏమన్న చేస్కోర్రి. పగిలిననాడు నన్నడుగొద్దు" అని లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచే ఆమె మా వాడకు బూడిద మేడమ్ అయ్యారు. నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం "మంచి పేరు, గుర్తుంటుంది" అన్నారు.

వేసవిలో నేల వేశాం. సిమెంటులో ఐదో వంతు తీసి, ఆ చోట పిప్పి బూడిద. బూడిద నీళ్లు ఎక్కువ అడుగుతుంది. మేస్త్రీ పోయబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు. "కలిపేటప్పుడు పిసినారిలా ఉండాలి బాబూ. గట్టిపడ్డాక ధారాళంగా పోద్దువుగాని" అన్నారు. అదే కాంక్రీటుతో మూడు దిమ్మలు కూడా పోసి ల్యాబు తొట్టికి చేర్చాం. మూడు నెలల తర్వాత అవి చెప్పేదే ఈ నేల గురించి చివరి మాట.

వెళ్లేముందు ఆమె గోనెసంచులు కప్పి తడుపుతూ ఉండమని చెప్పారు. మర్నాడు ఎవరూ ఊహించని పని జరిగింది. పెద్దబాపు కార్ఖానా నుంచి ఆటోలో చిందీ మూటలు, అంటే మిగిలిపోయిన గుడ్డముక్కలు, దింపాడు. "గోనెలెందుకు? మా దగ్గర చిందీ ఊకెనే పడి ఉంటది. కప్పుర్రి, మంచిగ నీళ్లు కొట్టుర్రి" అన్నాడు. వద్దన్న మనిషి తనంతట తానే సాయానికి వచ్చాడని మేమంతా మురిసిపోయాం. ఎర్రవీ పచ్చవీ ముక్కలు వాకిలంతా పరిచి నీళ్లు చల్లితే ఎండలో మెరుస్తూ ఎంత అందంగా ఉందో! పొద్దునా సాయంత్రం తడిపాం. తడిగానే ఉందనుకున్నాం.

మేడమ్ వచ్చి ఒక ముక్క ఎత్తి పిండారు. రెండు చుక్కలు రాలాయి. కింద చెయ్యి పెట్టి చూశారు. నేల పొడిగా, వెచ్చగా, తెల్లబారి ఉంది. కుళాయి వైపు మూల వెంట్రుకల్లాంటి పగుళ్లు. ఆమె మొహం ఒక్కసారి వాడిపోయింది. ఆ గుడ్డ తెచ్చి పెద్దబాపు చేతిలో పెట్టారు.

"అన్నయ్యగారూ, ఇదేం గుడ్డండీ?"

"పాలిస్టర్, మేడం."

"నీళ్లు తాగుతుందా?"

పెద్దబాపు ఆ గుడ్డను పిండి చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "థూ! పుట్టినకాడికెల్లి సాంచెల నడుమ ఉన్నోన్ని. నీళ్లు తాగని గుడ్డ తెచ్చి కప్పితి. నేసెటోనికే గుడ్డ తెల్వకపాయె!"

"మనం నేసిన గుడ్డ మనకే మోసం చేసింది బావా" అని అమ్మ అనేసరికి ఆయనకే నవ్వొచ్చింది. మేడమ్ కూడా నవ్వారు. నవ్వుతూనే "నూలు కావాలి. ఇప్పటికిప్పుడు కావాలి. ఇళ్లలో ఏమున్నాయి?" అన్నారు.

సూరత్‌లో మా ఇళ్ల నిండా చీరలే, నూలు మాత్రం లేదు. వెతికితే ఒక్కొక్కటే బయటపడ్డాయి. మాసిన లుంగీలు, తువ్వాళ్లు, చంటిపిల్లల ఉయ్యాల గుడ్డలు, పంచెలు. అవ్వ తన ట్రంకు పెట్టె తెరిచి అడుగు నుంచి ఒక ముతక చీర తీసింది. తాత ఊళ్లో చేమగ్గం మీద నేసింది. "వద్దవ్వా, దాచుకో" అన్నాను. "మడత పెట్టి ఏం జేసుకుంటనే? నీళ్లు తాగనీ" అంది. ఆ సాయంత్రం మా వాకిలి మొత్తం పాత బట్టల కింద పడుకుంది. అవి నిజంగా తాగాయి. ఎన్ని బిందెలు పోసినా తాగాయి.

పగిలిన మూలను మాత్రం తవ్వి మళ్లీ వేయాల్సి వచ్చింది. మర్నాడు పొద్దున్నే మేడమ్ వచ్చి మేస్త్రీ పక్కనే కూర్చుని వేయించారు. ఇంటి నుంచి తన చీర ఒకటి తెచ్చారు. నీలం రంగు మంగళగిరి నూలు చీర, సన్నటి అంచు. ఎప్పుడు గుడ్డ కప్పాలో మాకు నేర్పింది ఆమే. వేలితో నొక్కి చూడాలి, గుర్తు పడకపోతేనే కప్పాలి. ఆ రోజు ఆమె నొక్కి చూడలేదు. పచ్చి మీదే చీర పరిచేశారు.

"మేడమ్, వేలు..." అన్నాను.

"ఈ పూట త్వరగా వెళ్లాలమ్మా. ఉండనీ" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయారు. ఎందుకంత తొందరో నాకు అర్థం కాలేదు.

కొన్నాళ్ల తర్వాత చీర తీస్తే, ఆ మూల నేల మీద చీర నేత మొత్తం అచ్చు పడింది. అంచు గీతలు కూడా. నాకు బాధేసింది. మేడమ్‌కు చూపిస్తే వంగి చూసి నవ్వారు. "నేను టీచర్ని కాబట్టి బతికిపోయాను. నువ్వు చేసుంటే సున్నా వేసేదాన్ని" అన్నారు. అమ్మ ఆ చీర ఎన్నిసార్లు ఉతికినా బూడిద రంగు మరకలు పోలేదు. ఇవ్వబోతే తీసుకోలేదు. "మీ దగ్గరే ఉంచండి. ఇంకో నేలకు పనికొస్తుంది" అన్నారు.

జూన్ చివర వానలు మొదలయ్యాయి. "ఇక వానే మన కూలీ" అని మేడమ్ ఫోన్‌లో అన్నారు. కాలేజీ తెరిచాక ఆమె రావడం తగ్గింది. తర్వాత రాలేదు. సార్ చెబితే ఆసుపత్రికి వెళ్లాను. కాలేయం జబ్బట. చాలా ముదిరాక తెలిసిందట. మంచం మీద ఆమె ఎంత చిన్నగా కనిపించారో! బూట్లు మంచం కింద ఉన్నాయి. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "తడుపుతున్నారా?"

"వాన పడుతోంది కదా మేడమ్."

"వాన లేని రోజున?"

"పెద్దబాపు తడుపుతున్నాడు. రోజూ ఆయనే."

ఆ జవాబుకు ఆమె కళ్లు మూసుకుని కాసేపు నవ్వుతూ ఉన్నారు. తర్వాత, "దిమ్మలు నువ్వే పగలగొట్టు. మూడింటినీ. ఒకటి దాచుకోవాలనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. దాచుకోకు. బలం తెలియాలంటే పగలగొట్టాల్సిందే" అన్నారు. ఇంకేదో చెప్పబోయి, "ఏం కూర ఇవాళ?" అని అడిగారు. తోటకూర అన్నాను. అది ఆమె నాతో మాట్లాడిన చివరి రోజు.

సార్ ఆమె బూడిదను తాపీ నదిలో కలిపే రోజున నన్నూ రమ్మన్నారు. ఒక్కదాన్ని పంపడానికి ఇష్టం లేక పెద్దబాపు కూడా వచ్చాడు. మెట్ల మీద నిలబడ్డాం. సార్ కుండ వంచారు. ఆమె పక్కన నిలబడి నేను ఎంత బూడిద చూశాను, ఎంత జల్లించాను, ఎంత మోశాను! ఇది మాత్రం చూడలేకపోయాను. తల దించుకుంటే నా చేయి కనిపించింది. బొటనవేలు దానంతట అదే చూపుడువేలి మీద రుద్దుకుంటోంది. పెద్దబాపు అది చూశాడో లేదో తెలియదు. నా చేయి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. ఇంటికెళ్లే దాకా వదల్లేదు.

ఆ దారిలోనే సార్ ఒక సంగతి చెప్పారు. మూల నేల వేసిన రోజున వాళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లాల్సి ఉందట. పరీక్షల్లో ఏం తేలిందో డాక్టరు చెప్పేది ఆ పూటే. "ముందు ఆ నేల పని చూసి వస్తానని పట్టుబట్టింది. ఆటో ఆపుకుని బయట నేను కూర్చున్నాను" అన్నారు. తెలిసి ఉంటే ఆమెను అప్పుడే ఆటో ఎక్కించి పంపేసేదాన్ని. లేక ఇంకాస్త సేపు ఉండమనేదాన్నా? ఏమో.

దిమ్మల రోజు వచ్చింది. ల్యాబులో పనిచేసే కాకా మిషను ఆన్ చేసి పక్కకు తప్పుకున్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టి దిమ్మ బయటికి తీశాను. వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించాను. ఆమె ఏం వినేవారో నాకు ఇప్పటికీ తెలియదు. చల్లటి నీళ్లు చెంప మీద కారాయి. మిషనులో పెట్టాను. ముల్లు కదిలింది. అంతకుముందు వట్టి సిమెంటు దిమ్మలు పగిలిన చోటికి వచ్చింది. ఆగలేదు. దాటింది. ఇంకా దాటింది. ఫట్‌మని శబ్దం. నాలుగు వైపులా ఒక్కలాగే రాలి, మధ్యలో డమరుకంలా మిగిలింది. బాగా పగిలిందంటే అలాగే మిగలాలి. రెండోదీ అంతే. మూడోది చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాను. దాచుకోలేదు మేడమ్. దాన్నీ పగలగొట్టాను.

"బేన్ హోత్ తో..." అన్నాడు కాకా. ఆమె ఉండి ఉంటే అని. మిగతాది అనకుండా మిషను ఆపేశాడు.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఎంతో సంతోషపడ్డారు. "నిజమేనా! మరి మీ మేడమ్‌కి చెప్పావా?" అన్నారు. అనేశాక ఫోన్ పెట్టేయడం ఇద్దరి వల్లా కాలేదు.

రేపు పెత్రమాస. బతుకమ్మ మొదలయ్యే రోజు. ఊరి నుంచి రైల్లో వచ్చిన గునుగు పువ్వు, తంగేడు మా గదిలో తడిగుడ్డలో చుట్టి ఉన్నాయి. ఆ గుడ్డ నీలం చీర. ఎవరూ చెప్పకుండానే అమ్మ దాన్నే తీసింది. ఈ ఏడు మా ఆడవాళ్లు రోడ్డు మీదికి వెళ్లరు. నేల బాగుంది. వానంతా తాగి రాయిలా ఉంది. చెప్పులు లేకుండా నడిస్తే చల్లగా తగులుతుంది. ఇంకా లోపల ఎక్కడో బూడిద పరిగె ఏరుకుంటూనే ఉండి ఉంటుంది.

ఇవాళ పొద్దున పెద్దబాపు బిందెలతో నీళ్లు తెచ్చి వాకిలంతా కడిగాడు. ఆడవాళ్లు మేము కడుగుతామన్నా వినలేదు. కుళాయి వైపు మూలకు వచ్చేసరికి చీపురు పక్కన పెట్టి, అరచేత్తో కడిగాడు. మధ్యాహ్నం ఎండకు నీళ్లన్నీ ఆరిపోయాయి. నేను గడపలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా వాకిలి తెల్లగా మెరుస్తోంది. ఆ మూలలో మాత్రం, నేత పడిన సన్నటి గీతల్లో, అంచు పొడవునా, నీళ్లు ఇంకా నిలిచే ఉన్నాయి.